పడవలోనా, ఒడ్డునా

పడవలో పడుకోవాలా, ఒడ్డున గదిలో పడుకోవాలా అన్న ఒక్క సంగతి మీద ఆ ఏడాది దసరా సెలవులకు ముందు మేమిద్దరం నెల రోజులు తగువులాడుకున్నాం. సముద్రంలో మునగడానికి పోవాలన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

నేను అప్పుడు ఆదోనిలో బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. నాతో తగువులాడిన ఆమె ఎమ్మిగనూరులో డ్రిల్లు టీచర్, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. ఎనభైల మొదట్లో మా వైపు ఆడపిల్లల బళ్లలో డ్రిల్లు టీచర్లు చాలా తక్కువ. ఆటల పోటీలకు పిల్లలను తీసుకుని ఎక్కడికి పోయినా మేమిద్దరం ఒకే బస్సులో, ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆమె నన్ను అక్కా అని పిలిచేది. పిలుపుకు తగ్గట్టే నేను పెత్తనం చేసేదాన్ని.

ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే, "మీకు దేనికీ భయం వేసేది కాదంట కదా మేడం" అంటారు. ఆ పేరు నాకు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో వాళ్లకు తెలియదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది హాలహర్వి దగ్గర ఒక పల్లె. పొలంలో బావి ఉండేది. అన్నలు నా నడుముకు బెండ్లు కట్టి అందులోకి తోసేశారు. వారం తిరగకుండా బెండ్లు విప్పేశాను. గట్టు మీది నుంచి తలకిందులుగా దూకేదాన్ని. నీళ్లంటే భయమేమిటో నాకు తెలియదు. ఈ మాట బడిలో పిల్లలకు చెప్పేదాన్ని, స్టాఫ్ రూములో చెప్పేదాన్ని, అడగని వాళ్లకూ చెప్పేదాన్ని. హైజంపుకు వెనకాడే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండేది. "ఏమైతాది? పడితే లేస్తావు!" అని కేకలేసేదాన్ని.

ఆమెది నేత కుటుంబం. ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే ఆదోనికి వచ్చి, గడపలో చెప్పులు కూడా విప్పకుండా, "నాకు ఈత నేర్పక్కా" అంది. ఎందుకని నేను అడగలేదు. ఎమ్మిగనూరు రోడ్డులో మాకు తెలిసిన రైతు చేనులో మెట్లున్న దిగుడు బావి ఒకటి ఉంది. ఉదయం పూట అక్కడికి తీసుకుపోయాను. సెలవులు అయిపోయేసరికి ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదడం వచ్చింది. అయితే తల నీళ్లలోకి పోతే చాలు, ఆమె మొహం తెల్లగా పాలిపోయేది. అది క్రమంగా పోతుందిలే అనుకున్నాను.

ఆ తరువాత జిల్లా ఆటల పోటీల్లో ఒకాయన తగిలాడు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన కన్నడిగుడు. ఈత వచ్చిన వాళ్లను దసరా సెలవుల్లో కార్వారు వైపు సముద్రంలోకి తీసుకుపోయి, వీపుకు గాలి సిలిండరు కట్టి, నీళ్ల కిందికి దించి చూపిస్తానని చెప్పాడు. సర్టిఫికెట్టు ఇవ్వడు, ప్రమోషనుకు పనికిరాదు. ఒట్టి సెలవు సరదా. నేను వెంటనే ఒప్పుకున్నాను. నాకంటే ముందే ఆమె తలూపింది.

ఆయన దగ్గర రెండు ఏర్పాట్లు ఉండేవి. ఒకటి, రేవు పక్కన కొబ్బరి తోటలో గదులు. రోజూ పొద్దున చిన్న పడవలో పోయి ఒకసారి మునిగి, మధ్యాహ్నానికి ఒడ్డుకు వచ్చేయవచ్చు. ఒంట్లో బాగా లేకపోయినా, మనసు బాగా లేకపోయినా ఆ రోజుకు మానుకోవచ్చు. రెండోది, పెద్ద లాంచీ. అది ఒడ్డు నుంచి చాలా దూరంలో ఉన్న ఒక రాతి దీవి పక్కన లంగరు వేసి ఉంటుంది. తిండీ నిద్రా అందులోనే. రోజుకు రెండుసార్లు మునగవచ్చు, నీళ్లు కూడా అక్కడ అద్దంలా ఉంటాయట. కానీ ఆరు రోజుల దాకా లాంచీ వెనక్కి రాదు. ఏది తీసుకున్నా ఇద్దరూ ఒకటే తీసుకోవాలి. నీళ్ల కింద ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, జోడీ ఉండాలన్నది ఆయన నియమం. నా జోడీ ఆమె.

ఆదోని బస్టాండు ఎదుటి హోటల్లో ఆడవాళ్లకని గుడ్డ కట్టిన గది ఒకటి ఉండేది. బొరుగుల ఉగ్గాని తింటూ అక్కడ మొదలైంది మా తగువు.

"లాంచీ అయితేనే పోదామక్కా" అంది.

"ఏం పిచ్చి నీకు? ఒడ్డున ఉంటే వద్దనుకున్న దినం మానుకుంటావు. గదిలో పండుకుంటావు. లాంచీలో ఉంటే యాడికి పోతావు?"

"యాడికీ పోలేను. అందుకే."

"తల మునిగితేనే నీ మొగం సున్నం కొట్టినట్లయితాది. నువ్వు సముద్రం మధ్యలో ఆరు దినాలు ఉంటావా?"

ఆమె పళ్లెంలో మిగిలింది తినేసింది. అట్లాగని ఒప్పుకుందని కాదు. ప్రతి ఆదివారం ఇదే వరస. నేను చెప్పాల్సినవన్నీ చెప్పేదాన్ని, ఆమె చివర్లో "లాంచీ అయితేనే" అనేది.

నాకు విసుగొచ్చి ఒక పరీక్ష పెట్టాను. "రా, బావికి పోదాం. నీళ్ల అడుగున మెట్టు పట్టుకొని కూసో. నేను భుజం తట్టిందాంకా లేవగాకు. కూసుంటే నీ లాంచీకే పోదాం. లేకుంటే నోరు మూసుకొని ఒడ్డుకు రావాల."

వానలు పడి బావిలో నీళ్లు పైకి వచ్చి ఉన్నాయి. నీళ్ల రంగు చిక్కటి ఆకుపచ్చ. ఆమె నాలుగైదుసార్లు ఊపిరి పీల్చి, ముక్కు మూసుకుని దిగింది. నేను పక్కనే మెడ లోతు నీళ్లలో నిలబడ్డాను. కాసేపు బుడగలు వచ్చాయి. తరువాత నీళ్లు కదలడం మానేశాయి. సరే, ఫరవాలేదు, ఇంకొంచెం ఉండనిద్దాం అనుకుంటూ ఉండగానే ఆమె ఒక్కసారిగా పైకి దూసుకొచ్చింది. ఆమె తల నా గడ్డానికి తగిలి నోట్లో రక్తం వచ్చింది. ఆమె నన్ను చూడనే లేదు. చేతులతో కాళ్లతో మెట్ల మీద పాకుతూ గట్టెక్కి, అక్కడా ఆగకుండా పత్తి చేనులోకి పరుగెత్తింది.

నేను వెళ్లేసరికి మోకాళ్ల ఎత్తు పత్తి మొక్కల మధ్య నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. వెనక నుంచి చూస్తే వీపంతా ఎగిరెగిరి పడుతోంది.

"సూసినావా?" అన్నాను. "ఈ బావిలోనే ఇట్లయితే సముద్రంలో ఏమైతావు?"

ఆమె ఇటు తిరిగింది. "నువ్వు సూసినావా అక్కా? ఈడ మెట్లు ఉండాయి కాబట్టి పారిపోయినాను. మెట్లు లేకుంటే?"

"మునిగి సచ్చేదానివి."

"లేదక్కా. పోయేదానికి సోటు లేకుంటే ఆడనే ఉండి ఊపిరి సరి సేసుకునేదాన్ని. నాకు తెలుసు. ఒడ్డు కనపడితే సాలు, నా కాళ్లు నా మాట ఇనవు."

అప్పుడు చెప్పింది, ఈత ఎందుకు నేర్చుకుందో. అంతకు ముందు ఏడాది వాళ్ల బడి పిల్లలను తుంగభద్ర ఒడ్డుకు విహారానికి తీసుకుపోయారు. రాళ్ల మీద ఆడుకుంటూ ఇద్దరు ఆడపిల్లలు జారి లోతులో పడ్డారు. పుట్టి పడవ నడిపే ఒకాయన వచ్చి తీశాడు, ఇద్దరూ బతికారు. ఇంతవరకు నాకూ తెలుసు. జిల్లాలో డ్రిల్లు టీచర్లందరికీ తెలుసు.

"వాళ్లు కొట్టుకపోతాంటే నేనేం జేస్తాండానో తెలుసా? ఒడ్డు మీద నిలబడి విజిలు ఊదుతాండాను. గ్రౌండులో గీత దాటినోళ్లకు ఊదుతాం సూడు, అట్ల. అది నోట్లో నుంచి తీయాలని గూడా తోచలే. నీళ్లలోకి ఒక్క అడుగన్నా ఎయ్యలే. అందురూ నీకు ఈత రాదు కదమ్మా, నువ్వేం జేస్తావు అనిరి. ఈత వచ్చినా నేను దిగుండను అక్కా. అది నాకొక్కదానికే తెలుసు."

నేను కొంగుతో నోటి రక్తం తుడుచుకున్నాను.

"భయం పోవాలని కాదక్కా. అది పోదు. భయమేసినప్పుడు ఆడనే నిలబడేది రావాల నాకు."

పరీక్షలో ఆమె ఓడిపోయింది. తగువులో నేను ఓడిపోయాను. లాంచీకే పేర్లు పంపించాం.

నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఆమెను తీసుకుపోతున్నది నేను. ఏదైనా అయితే ఎమ్మిగనూరుకు ఏ మొహం పెట్టుకుని రావాలి? వాళ్ల ఇంటికి ఒకసారి పోయాను, పెద్దవాళ్లే వద్దంటే బాగుండునని లోపల ఒక ఆశ. ఆమె అత్తగారు నేను కోరుకున్నట్టే మొదలుపెట్టింది.

"ఆరు దినాలు పడవలో పండుకుంటాదంట! యాడన్నా ఇన్నామా అమ్మా? జనం ఏమంటారు?"

ఆమె భర్త చీరల దుకాణంలో పనిచేసేవాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "పోనీ లేమ్మా" అన్నాడు. "ఆ పిల్లోళ్లు నీళ్లలో పడినప్పటి సంది అది సరిగా నిద్రపోలే. యాడికన్నా పోయి నిద్ర తెచ్చుకోనీ." ఆ మాటతో ముసలామె కూడా ఊరుకుంది.

మా హెడ్‌మిస్ట్రెస్‌ది మంత్రాలయం వైపు గుడి సేవలో ఉన్న కుటుంబం. మడీ, రూలూ రెండూ గట్టిగా పట్టించుకునే మనిషి. ఊరు విడిచి పోవడానికి పర్మిషను అడిగితే కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"నువ్వు నీళ్లలో చేపవని చాలాసార్లు విన్నానమ్మా. ఆ ఎమ్మిగనూరు పిల్ల సంగతేమిటి?"

"నేనున్నాను కదమ్మా ఆమెకు."

"సరే, ఆమెకు నువ్వున్నావు. నీకు ఎవరున్నారు?"

నేను నవ్వాను. ఆమె నవ్వకుండా సంతకం పెట్టింది.

గుంతకల్లులో రైలు మారి, హుబ్బళ్లిలో దిగి, ఘాట్ రోడ్డులో బస్సు పట్టుకుని ఆ చిన్న రేవుకు చేరాం. అంతకు ముందు నేనూ సముద్రాన్ని చూసి ఉండలేదు. బావి కంటే పెద్దది, అంతే కదా అనుకున్నాను. రేవులో లాంచీ ఊగుతోంది. పక్కనే కొబ్బరి తోటలో గదులు, వాటి ముందు వరండా, వరండాలో మంచాలు. శిక్షణ ఇచ్చే ఆయన మా సంచుల వైపు చూసి, "ఇప్పటికైనా మార్చుకోవచ్చు. గదులు ఖాళీగా ఉన్నాయి" అని కన్నడంలో అన్నాడు. నేను ఆ మంచాల వైపు ఆశగా చూసి ఆమెతో ఏదో అనబోయాను. ఆమె అప్పటికే లాంచీకి వేసిన పలక మీద నడుస్తోంది.

లాంచీలో ఆయన, ఇద్దరు పడవ వాళ్లు, ధారవాడ నుంచి వచ్చిన కాలేజీ లెక్చరరు, అతని భార్య, మేమిద్దరం. సాయంత్రానికి ఒడ్డు ఒక గీతలా మిగిలి, కాసేపటికి అది కూడా పోయింది. ఎటు చూసినా నీళ్లు, ఒక పక్క ఆ నల్లటి రాతి దీవి. ఆమె లాంచీ చుట్టూ ఒకసారి నడిచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అయిపాయె. ఇంక యాడికీ లేదు" అంది.

మొదటి రెండు రోజులు లోతు తక్కువ చోట నేర్పించాడు. నేర్చుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. కళ్లకూ ముక్కుకూ అద్దం మాస్కు తగిలించుకుని, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని తాపీగా ఊపిరి తీయాలి. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని ఊదాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, తొందరపడకూడదు. బిగబట్టి వేగంగా పైకొస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయని ఆయన మళ్లీ మళ్లీ చెప్పాడు.

నేను దిగిన మొదటిసారే అటూ ఇటూ తిరిగేశాను. ఆమె నిచ్చెన కింద లంగరు గొలుసు పట్టుకుని కళ్లు మూసుకుని ఉండిపోయేది. నీళ్లలో కూడా ఆమె ఒళ్లు వణకడం తెలిసేది. ఆయన పైకి పోదామా అని సైగ చేస్తే తల అడ్డంగా ఊపేది. చాలా సేపటికి కళ్లు తెరిచి, సరే అన్నట్టు వేళ్లు చూపించేది. అప్పటిదాకా నేను ఆగి ఉండాలి. నాకు చిరాకుగా ఉండేది.

"నువ్వు తొందరపడతావు" అన్నాడు ఆయన నాతో. పొగిడాడనే అనుకున్నాను.

మూడో రోజు గాలి మారింది. అలలు పెద్దవి కావు కానీ నీళ్లన్నీ ఒకేసారి పైకి లేచి కిందికి దిగుతున్నట్టు ఉంది. లెక్చరరు వాంతులు చేసుకుని పడుకున్నాడు, భార్య అతని దగ్గరే ఉండిపోయింది. శిక్షణ ఇచ్చే ఆయన మా ఇద్దరినీ చూసి, "దీవి అవతల లోతు ఎక్కువ. తాడు వేసి ఉంచాను. తాడు వదలకుండా దిగుతామంటే తీసుకుపోతాను. వద్దంటే రేపు చూద్దాం" అన్నాడు.

"పోదాం" అన్నాను నేను.

ఆయన ముందు, ఆమె మధ్యలో, నేను చివర. ఒక చెయ్యి తాడు మీద జార్చుకుంటూ దిగుతున్నాం. కొంత దూరం వరకు నీళ్లు తేటగా ఉండి, కింద ఆయన కాళ్లకున్న రబ్బరు రెక్కలు కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి మబ్బులోకి దిగినట్టయింది. చుట్టూ తెల్లటి మసక. కింద రాయి లేదు, పైన వెలుతురు లేదు, పక్కన గోడ లేదు. ఏ బావిలో అయినా నాలుగు వైపులా గోడ ఉంటుంది. అది ఉందని నేను ఎప్పుడూ గమనించను కూడా లేదు. ఇప్పుడు లేకపోయేసరికి ఎటు పైనో ఎటు కిందో అర్థం కాలేదు. అదే క్షణంలో మాస్కులోకి నీళ్లు వచ్చాయి. సర్దుకోవడానికి రెండు చేతులూ పైకి తీశాను. తాడు పోయింది.

వెతికితే చేతికి నీళ్లే తగిలాయి. ఊపిరి లాగాను, చాలలేదు. ఇంకా లాగాను, చాలలేదు. సిలిండరులో గాలి అయిపోయింది అనుకున్నాను. అయిపోలేదని తరువాత తెలిసింది. నాకు తెలిసినదంతా మరిచిపోయాను. పైకి పోవాలి, అంతే. ఊపిరి బిగబట్టి కాళ్లు రెండూ ఒక్కసారి తన్నాను.

భుజం దగ్గర సిలిండరు పట్టీని ఎవరో పట్టుకున్నారు. తన్నాను. పట్టు వదలలేదు. మళ్లీ తన్నాను, మోకాలు ఆమె పొట్టకు తగిలింది. ఆమె నన్ను కిందికి లాగుతోందనుకుని ఆమె మొహం మీద చెయ్యి వేసి తోశాను. ఆ తోపులో ఆమె నోట్లో గొట్టం ఊడి ఉంటే ఇద్దరం ఏమయ్యేవాళ్లమో ఇప్పటికీ ఆలోచించను.

ఊడలేదు. ఆమె ఇంకో చేత్తో నా చెయ్యి దొరకబుచ్చుకుని తాడు మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి పెట్టి బిగించి పట్టుకుంది. అద్దానికి అద్దం ఆనేంత దగ్గరికి మొహం తెచ్చింది. ఆ కళ్లు నాకు బాగా గుర్తు. వాటిలో నిండా భయం ఉంది. అయినా నిలకడగా ఉన్నాయి. నా ఎదుట ఆమె మెల్లగా ఊపిరి వదిలింది, బుడగలు మా మధ్య నుంచి పైకి పోయాయి. ఆగింది. మళ్లీ వదిలింది. నువ్వూ వదులు అని తల ఊపింది. నేను వదిలాను. నోట్లోకి గాలి వచ్చింది. గాలి మొదటి నుంచీ వస్తూనే ఉంది.

అప్పటికి ఆయన కింది నుంచి వచ్చాడు. పైకి పోదామని ఆమె బొటనవేలితో సైగ చేసింది. ముగ్గురం తాడు పట్టుకుని, బుడగల వెనకాలే, ఆగి ఆగి పైకి వచ్చాం. అంత మెల్లగా పోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

నిచ్చెన ఎక్కగానే పలకల మీద బోర్లా పడుకున్నాను. ఆమె పక్కనే కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసింది.

"నన్ను ఒడ్డుకు దింపండి" అన్నాను ఆయనతో.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ అలల్లో చిన్న పడవ పంపించలేను. లాంచీ వెనక్కి పోయేది చివరి రోజే. ఇక్కడ నీకేం కాదు, విశ్రాంతి తీసుకో" అన్నాడు.

పైకప్పు కింద, ఇంజను గది గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. నీళ్లు కనపడకుండా కూర్చోవాలని చూశాను. లాంచీలో అట్లాంటి చోటు లేదు. ఒడ్డు మీద ఆ వరండాలో మంచాలే కళ్లలో మెదిలాయి. ఒడ్డు ఏర్పాటే కావాలని నెల రోజులు వాదించింది ఆమె కోసమని అనుకున్నాను. అది అవసరమైంది నాకు. భయంతో ఆమెకు పాత పరిచయం, దాని రాకపోకలన్నీ తెలుసు. నేను దాన్ని ఆ రోజే మొదటిసారి కలిశాను.

మరునాడు అలలు తగ్గాయి. ఆమె లెక్చరరు భార్యను జోడీగా తీసుకుని దిగింది. నేను పైన కూర్చుని బుడగలు చూస్తూ ఉన్నాను. ఆమె వచ్చి, తల తుడుచుకుని, నాకు టీ తెచ్చి ఇచ్చింది. కింద ఏం చూసిందో చెప్పింది. దిగమని మాత్రం అనలేదు. ఆ తరువాతి రోజూ అంతే. నాకు కోపం వచ్చింది.

"నన్నెందుకు పిలవవు? రాననుకుంటివా?"

"పిలిస్తే నువ్వు దిగుతావక్కా. రోషంతో దిగుతావు. అందుకే పిలవను."

"మరెట్ల దిగాలంట?"

"భయంతోనే దిగాల. దానికి నువ్వు రెడీ అయినప్పుడు నీకే తెలుస్తాది."

నాకు తెలియలేదు. చివరి రోజు లాంచీ ఒడ్డు చేరేదాకా నేను నీళ్లలోకి దిగలేదు.

ఆదోనికి వచ్చాక హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలిచి ఎట్లా జరిగిందని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కాసేపు కాగితాలు సర్దుకుంది. "మంచిదమ్మా. ఇకమీద హైజంపు దగ్గర ఆ అరుపులు తగ్గుతాయి" అంది. తగ్గాయి. కర్ర ముందు ఆగిపోయిన పిల్లను చూస్తే నోరు తెరిచి మళ్లీ మూసుకునేదాన్ని. "కర్ర దించమంటావా? ఇంకోసారి పరుగెత్తి చూస్తావా?" అని అడగడం నేర్చుకున్నాను. ఇద్దరు ముగ్గురు దించమన్నారు. చాలామంది వద్దన్నారు. నాకు అదొక ఆశ్చర్యం.

మరుసటి ఎండాకాలం ఆమె ఆ దిగుడు బావిలో ఆడపిల్లలకు ఈత మొదలుపెట్టింది. ఎమ్మిగనూరు పిల్లలు కొందరు, మా ఆదోని పిల్లలు కొందరు. అమ్మలను ఒప్పించడానికి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. వేరే చోటు దొరక్క మెట్ల బావికే ఒప్పుకుందని నేను ఏడిపిస్తే, "పిల్లోళ్లకు మెట్లుండాలక్కా. నా మాదిరి మొండోళ్లకే వద్దు" అంది. ఆమె నీళ్లలో ఉండేది, నేను పై మెట్టు మీద తాడు పట్టుకుని ఉండేదాన్ని. నీళ్లలో నుంచి భయపడి పరుగెత్తుకొచ్చిన పిల్ల నా దగ్గరికే వచ్చేది. తువ్వాలు కప్పి కూర్చోబెట్టుకునేదాన్ని. మళ్లీ పొమ్మని నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే పోయేవాళ్లు.

మూడు ఎండాకాలాలు అట్లాగే గడిచాయి. మోకాలి లోతు దాటి నేను ఎప్పుడూ దిగలేదు. ఎవరూ అడగలేదు. తాడు పట్టుకునే మనిషి ఒకరు ఉండాలి కాబట్టి అది నా పని అని పిల్లలు అనుకున్నారు.

నాలుగో ఏడు ఈత నేర్పడం మధ్యలో ఉండగా ఆమెకు తుగ్గలికి బదిలీ ఆర్డరు వచ్చింది. వెంటనే చేరమన్నారు. పిల్లల్లో సగం మందికి ఇంకా చేతులు ఆడించడమే సరిగా రాలేదు. వెళ్లే ముందు రోజు ఆమె బావి దగ్గరికి వచ్చి పిల్లలందరికీ చెప్పి, నా దగ్గర కూర్చుంది. దిగక్కా అంటుందేమోనని చూశాను. అనలేదు. నా చేతిలోని తాడును కాసేపు తన చేతిలోకి తీసుకుని, మళ్లీ నాకిచ్చి బస్సుకు పోయింది.

మరునాడు పొద్దున పిల్లలు వచ్చారు. మెట్ల మీద వరసగా నిలబడ్డారు. నీళ్లలో ఎవరూ లేరు. అందరూ నా వైపు చూస్తున్నారు. నేను తాడు చుట్టలు సరిచేస్తున్నాను, సరిగానే ఉన్న చుట్టలను విప్పి మళ్లీ చుడుతున్నాను. ముందు వరసలో కోడుమూరు నుంచి మా ఊళ్లో మేనత్త ఇంటికి వచ్చి చదువుకుంటున్న ఒక బక్కపిల్ల ఉంది. వచ్చిన రోజు నుంచి నడుము లోతు దాటనిది.

"టీచర్" అంది. "మీకు ఈత వచ్చునా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జిల్లాలో నా గురించి తెలియని మనిషి ఈ పిల్ల ఒక్కతే అనుకున్నాను.

"వచ్చు" అన్నాను.

"మరి దిగరేంది?"

"భయం."

నవ్వులు ఆగిపోయాయి. ఆ పిల్ల నన్ను కిందికీ మీదికీ చూసింది. అబద్ధమేమోనని చూసినట్టుంది. నేను తాడును పెద్ద పిల్ల చేతికిచ్చి, కొంగు బిగించి, చెప్పులు విడిచి మెట్లు దిగడం మొదలుపెట్టాను. పాదాలు, మోకాళ్లు, నడుము. అక్కడ ఆగిపోయాను. ఆకుపచ్చ నీళ్లలో తరువాతి మెట్టు కనపడలేదు. ఊపిరి చాలడం లేదని తెలిసింది. వెనకే మెట్లున్నాయి, వాటి మీద అడుగు వేస్తే చాలునని కూడా తెలిసింది. మెల్లగా ఊపిరి వదిలాను. మళ్లీ వదిలాను.

పక్కన నీళ్లు కదిలాయి. ఆ బక్కపిల్ల నడుము లోతు దాకా వచ్చి నిలబడింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"నా సెయ్యి పట్టుకోండి టీచర్" అంది. "మూడు అంటానే ఇద్దరం దూకుదాం."

పట్టుకున్నాను. ఒకటి అంది. రెండు అంది. మూడు అనడానికి మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది.